ఒక్క ‘కు’ తేడా

థాంక్స్ అనే మాటకు మా ఇంటి తెలుగులో మాట లేదు. ధన్యవాదాలు, కృతజ్ఞతలు అనేవి టీవీలో వింటాం. తరతరాలుగా పుదుచ్చేరిలో పాతుకుపోయిన మాబోటివాళ్ల నోట అవి పలకవు. ఇంట్లో మనిషికి ఎవరైనా పొరపాటున థాంక్స్ చెప్పారా, “ఏంది, నేను పరాయిదాన్నా?” అని అలిగి కూర్చుంటారు. అన్నం పెట్టినవాళ్లతో మాత్రం “కడుపు నిండింది” అంటాం. మాకు తెలిసిన మర్యాద అదొక్కటే.

దానికి అక్కలాంటి మాట ఇంకోటి ఉంది. ఇంట్లో ఉప్పో బియ్యమో అయిపోతే “లేదు” అనకూడదు, “నిండుకుంది” అనాలి. దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందంటామే, పోతున్నా అనకుండా పోయొస్తా అంటామే, అలాగన్నమాట. నా చిన్నతనంలో ఈ మాట మా అమ్మ నోట తెగ వినేదాన్ని. మా నాన్న బట్టల మిల్లులో కూలి. నెలాఖరుకల్లా మా వంటింట్లో డబ్బాలన్నీ నిండుకునేవి. “ఉత్త డబ్బా పట్టుకొని నిండిందంటావేందమ్మా?” అని ఒకసారి అడిగితే అమ్మ గరిటె ఎత్తింది.

“లేదు లేదు అంటావుంటే ఇంటికి అదే అలవాటైపోతాది మే. ఆ మాట ఇల్లు వినగూడదు.”

ఆ జవాబు నాకప్పుడు నచ్చలేదు. ఇప్పుడూ పూర్తిగా నచ్చిందని చెప్పను. కానీ మాట మాత్రం నాలుక్కి అంటుకుపోయింది.

తెలుగు అక్షరాలు మా నాన్న నేల మీద సుద్దముక్కతో దిద్దించాడు. మావాళ్లు మిగతా అందరూ తమిళ బడుల్లో చదివినవాళ్లే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ అక్షరం ముక్క చదవలేరు. అందుకని ఇక్కడ నేనెవరి గురించి ఏం రాసినా అడిగే దిక్కు లేదు. ధైర్యంగా రాస్తాను.

నేను వంట చేస్తాను. బాగా చేస్తాను. గొప్పలకు పోవడం కాదు, ఉన్నమాట. లాస్‌పేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో వండి, తట్టాంచావడి వర్క్‌షాపులకు మధ్యాహ్నం క్యారియర్లు పంపుతాను. పొద్దున్నుంచి ఇనుము కోసి, సానబట్టి, చేతులు నల్లబడ్డవాళ్లు తినే అన్నం అది. మిల్లు నుంచి రిటైరైన మా ఆయన మోపెడ్‌కు క్యారియర్లు తగిలించుకొని తీసుకుపోతాడు. వాళ్లు ఇన్నేళ్లూ వేరే చోటు వెతుక్కోలేదంటే అది నా చేతి చలవే.

నా చెయ్యి అంటున్నాను కానీ, నిజానికి అది నా ముక్కు. వండుతూ రుచి చూడడం మా అమ్మకు లేదు, నాకూ లేదు. దేవుడికి తీసిపెట్టక ముందే నాలుక తగిలితే ఎంగిలి. ఉప్పు కూడా వాసనతోనే చూస్తాను. నమ్మనివాళ్లు నమ్మకపోతే పోనీ. ఉప్పు పడని సాంబారు ఆవిరిలో పప్పు వాసన ఒకవైపు, చింతపండు వాసన ఒకవైపు మొగుడూ పెళ్లాలు అలిగినట్టు విడివిడిగా ఉంటాయి. ఉప్పు సరిగ్గా పడిందా, రెండూ కలిసిపోతాయి. ఎక్కువైతే ముక్కు కొసన గరగరలాడుతుంది. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అన్నదట ఉప్పు. ఆ మాట నేను ముక్కుతో విన్నాను.

మా కోడలు విల్లియనూరు పిల్ల. తమిళం ఇంటిపిల్ల. మావాడు కరెంటు ఆఫీసులో పనిచేస్తూ ఎక్కడ చూశాడో ఏమో, ఇష్టపడి చేసుకున్నాడు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని సామెత. మా ఇద్దరికీ ఆ అదృష్టం లేదు, ఒకే ఇంట్లో ఉన్నాం. మధ్యాహ్నం పూట ఒక ల్యాబులో పనికి వెళ్లేది, పొద్దున ఇంట్లో ఉండేది. వచ్చిన కొత్తలోనే నాతో తెలుగులోనే మాట్లాడతానని పంతం పట్టింది. నేను నేర్పిన మొదటి పాఠం ఇదే, లేదు అనకూడదని.

“గ్యాస్ లేదత్తా” అంది ఒకరోజు.

“నిండుకుంది అను.”

“కాలీ సిలిండర్‌ని నిండింది అంటే గ్యాస్‌కారన్ నన్ను పైత్యం, పిచ్చిది అంటాడత్తా” అని పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ అత్తను కదా, బయటపడలేదు. పిల్ల మాత్రం ఆ మాట పట్టుకుంది. మర్నాటి నుంచి ఇంట్లో ఏది అయిపోయినా గొంతెత్తి నిండుకుంది, నిండుకుంది అనేది. వీధిలో వింటే మా ఇల్లు ధాన్యపు కొట్టు అనుకోవాలి.

పోయిన ఏడాది ఎండలు తగ్గుతున్న రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది. పోతూ పోతూ నా ముక్కును పట్టుకుపోయింది. వాసన లేదు, వాసనతో పాటు రుచీ లేదు. తాళింపు వేస్తే చిటపట వినబడుతోంది, ముక్కుకేమీ అందడం లేదు. జలుబు అనుకున్నాను, తగ్గుతుందిలే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెయ్యి అలవాటు మీద వండేస్తూ కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. ఒక పొద్దున పొయ్యి పక్కనే నిలబడి కూర తరుగుతుంటే కోడలు లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది.

“అత్తా! పాలు మాడతా ఉండాయి! ఇల్లంతా పొగ!”

నా మోచేతి పక్కన గిన్నె నల్లబడుతోంది. నేను తిరిగి చూశాక కానీ తెలియలేదు. పిల్ల స్టవ్ ఆర్పి నా ముఖంలోకి చూసింది. అర్థమైపోయింది దానికి.

ముక్కు డాక్టరు నరం దెబ్బతిందన్నాడు. నెలల్లో రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. రాకపోతే ఏమిటన్నది ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ముక్కు లేకపోతే నాకు వంట లేదు. వంట లేకపోతే ఆ షెడ్డులో నిలబడే ఆడమనిషి ఎవరో నాకే తెలియదు. అంత భయం నేను మావాడి పురుట్లో కూడా పడలేదు.

“నా నాలుక తీసుకోండత్తా” అంది కోడలు. “దేవుడికి తీసిపెట్టినాక నేను చూసి చెప్తా. మీరు వండండి.”

అలా మొదలైంది. దేవుడి గిన్నె పక్కన పెట్టాక, అరచేతిలో రెండు చుక్కలు వేసుకొని నాకి చెప్పేది. కొన్నాళ్లు బాగానే జరిగింది. ఆ తర్వాత ఒకరోజు సాంబారు మరుగుతుండగా ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చి, వేశానో లేదో గుర్తురాక పిల్లను పిలిచాను.

“ఉప్పు ఎట్టుండాదో చూడు.”

అరచేతిలో వేసుకొని చూసింది. ఒక్క క్షణం ఆలోచించింది. “ఉప్పు నిండుకుందత్తా” అంది.

నేను ఉప్పుజాడీ వైపు చూశాను. జాడీలో ఉప్పు బాగానే ఉంది. అయితే నిండుకున్నది జాడీలో కాదు. సాంబారులో ఉప్పు నిండుగా ఉందని చెబుతోంది కాబోలు, పాపం దాని తెలుగు ఇంకా కుదరలేదు అనుకున్నాను. సరేనని మూతపెట్టి క్యారియర్లకు ఎత్తేశాను.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఒక లేత్ వర్క్‌షాపులో ఫోర్‌మన్ ఉన్నాడు, ఆయనా మా తెలుగు మనిషే, నన్ను అక్కా అంటాడు.

“అక్కా, మా మీద ఏమన్నా కోపమా?”

“ఏంది తమ్ముడా, ఏమైంది?”

“సాంబార్లో ఉప్పే లేదు గదా. పక్క అంగడిలో ఉప్పు పాకెట్టు కొనుక్కొచ్చి పోసుకుంటా ఉండాం అందరమూ.”

నా జీవితంలో నా వంటకు ఎవరూ ఉప్పు కొని వేసుకోలేదు. చెవుల్లోంచి పొగలొచ్చాయి. కోడలు ల్యాబుకు బయలుదేరుతుంటే గుమ్మంలో నిలదీశాను. “ఉప్పు నిండుగా ఉండాదని చెప్పినావు గదే!”

“యాడ చెప్పినా?” అని దాని గొంతూ లేచింది. “నిండుకుంది అంటిని. లేదు అనగూడదు అని మీరే గదా నేర్పించినారు! ఉప్పు లేదు అనేది ఎట్లా చెప్పేది నేను?” అని ఏడుపు మొదలుపెట్టింది.

మా అమ్మ నేర్పింది నేను దీనికి నేర్పాను, ఇది చక్కగా నేర్చుకుంది, ఊరందరికీ చప్పిడి సాంబారు పోశాం. కోపం ఎవరి మీద పడాలో తెలియక నా నోటి వెంట నవ్వు వచ్చేసింది. సరిగ్గా అప్పుడే మా ఆయన నిన్నటి ఖాళీ క్యారియర్లు గణగణలాడించుకుంటూ వచ్చాడు. అదే సాంబారు ఆయన పొద్దున్నే పోసుకొని తిని పోయాడు.

“ఏమయ్యా, నువ్వు తిన్నావు గదా, ఉప్పు లేదని చెప్పకూడదా?”

“బాగుండె గదా” అన్నాడు.

కోడలు ఏడుపు ఆపి నవ్వింది. ఆ రోజు దానికి ఇంకో పాఠం చెప్పాను. నిండింది అంటే ఉంది, నిండుకుంది అంటే లేదు, నడుమ ఒక్క ‘కు’ తేడా అని. “ఒక్క ‘కు’కి ఇంత రచ్చ! మీ తెలుగు రొంబ మోసం అత్తా” అని సణుక్కుంటూ పనికి పోయింది.

మా ఆయన చెల్లెలు టౌన్లో ఉంటుంది. బీచ్ దగ్గర ఆదివారం పూట ఏదో క్లాసుకు వెళుతుంది. రోజూ లేవగానే గుండె మీద చెయ్యి వేసుకొని, ఉన్న ప్రతిదానికీ థాంక్స్ చెప్పమంటారట అక్కడ. నా సంగతి తెలిసి నన్ను బాగుచేద్దామని వచ్చింది.

“వదినా, పోయినదాన్నే తలుచుకోవద్దు. ఉండేదానికి థాంక్స్ చెప్పు. మనసు నిమ్మళం అయితాది.”

“ఎవరికి చెప్పమంటావు? జ్వరానికా?”

“నీకు తిక్క జాస్తి వదినా” అని కాఫీ తాగి పోయింది. మంచి కాఫీ అంది. నాకేం తెలుసు, వేడినీళ్లు పోసినట్టే ఉంది నాకు.

అయినా మనిషిని కదా. మర్నాడు ఎవరూ చూడకుండా గుండె మీద చెయ్యి వేసుకొని నిలబడ్డాను. థాంక్స్ అన్నాను. జనం లేని మీటింగులో మైకు ముందు నిలబడినట్టు అనిపించింది. చెయ్యి దించేసి బియ్యం కడగడానికి పోయాను.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ రోజుల్లో తిండి నాకు శిక్ష అయింది. పప్పూ అన్నం నోట్లో పెట్టుకుంటే తడిసిన అట్టముక్క నమిలినట్టుండేది. ఒక మధ్యాహ్నం ఆ ముద్ద మింగలేక కంచం ముందు కూర్చుని ఏడ్చాను. ఎదురుగా మా ఆయన చారులో అన్నం కలుపుకొని జుర్రుతున్నాడు. నా ఏడుపు చూసి ఆగి, “చారు బాగుండాది, పోసుకోరాదా” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. “పెళ్లయిన కాడినుండి చూస్తా ఉండా. ఏం పెట్టినా బాగుండాదంటావు. మాడినా బాగుండాది, చప్పగున్నా బాగుండాది. నీకు రుచి అంటే ఏందో తెలుసునా అసలు?”

చెయ్యి కడుక్కుంటాడనుకున్నాను. కడుక్కోలేదు. మామూలుగానే చెప్పాడు.

“తెలవదు. మిల్లులో చేరిన నాలుగైదేళ్లకే నూలు దుమ్ముకి ముక్కు పోయె. మన పెళ్లి నాటికే అంతే. ఉప్పూ కారం నాలిక్కి కొంచెం తెలుస్తాది, అంతకుమించి వాసనా గీసనా ఏమీ లేదు.”

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లూ నేను ఈయనకోసం ఏరి ఏరి ఇంగువ వేశాను. కొత్తిమీర ఎప్పుడు దించాలో, నెయ్యి ఎప్పుడు పోయాలో చూసుకుంటూ వచ్చాను.

“మరి బాగుండాదని ఎందుకంటివి?”

“ఉడుకుడుకుగా ఉండాది. మెత్తగా ఉండాది. ఆకలిగా ఉంటే కడుపులోకి పోతాది. నువ్వు ఎదురుగా కూచోనుండావు. అది బాగుండాది అంటి. అందులో అబద్ధమేముండాది?”

“నాకు చెప్పలేదేం?”

“చెప్తే నాకు వండేటప్పుడు నీకు ఆశ తగ్గిపోదా?”

ఆకలి రుచెరగదని మనం ఈసడింపుగా అంటాం. మా ఆయన అదే మాటను కంచంలో పెట్టుకొని హాయిగా తింటూ వచ్చాడు. ఆ పూట నాకు కోపం వచ్చిందో ప్రేమ వచ్చిందో ఇప్పటికీ తేల్చి చెప్పలేను, రెండూ వచ్చాయి. అప్పళం విరిచి నా కంచంలో వేసి, “దీన్ని విను, తర్వాత నములు” అన్నాడు. విన్నాను. కరకరమంది. వేడన్నం మధ్య నెయ్యి జారడం వేలి కొసకు తెలిసింది. చల్లమజ్జిగ గొంతులోంచి దిగడం తెలిసింది. కోడలు పని నుంచి రాగానే దానికీ ఈ సంగతంతా చెప్పాను. ఆ రోజు నుంచి ఆయన దగ్గర తినడం నేర్చుకున్నాను. ముక్కు రాలేదు కానీ కంచం ముందు ఏడవడం మానేశాను.

ఆయుధ పూజ దగ్గరపడింది. తట్టాంచావడిలో ఆ పండగ ముందు దీపావళి కూడా చిన్నబోతుంది. ప్రతి వర్క్‌షాపులోనూ మెషిన్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, అరటి పిలకలు కట్టి, బొరుగులూ పుట్నాలూ పంచుతారు. లేత్ వర్క్‌షాపులో ఆ రోజు పనివాళ్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ ఆకు వేసి భోజనం పెడతారు, వంట ఏటా నాదే. ఫోర్‌మన్ ఇంటికొచ్చి గుమ్మం దగ్గర నసిగాడు.

“అక్కా, ఓనరు అడగమన్నాడు. నీకు ఒళ్లు బాగలేదంట గదా. ఈసారికి బయట చెప్పుకుందామా అని.”

“నా ఒళ్లు బాగుండాది. వంట నేనే చేస్తా. ఉప్పు తప్పిందంటే మళ్లీ నా గడప తొక్కొద్దండి” అన్నాను.

ఆయన పోయాక కోడలు నా వైపు చూసింది. దాని చూపులో ఉన్న చిక్కు నాకు ముందే తెలుసు. ఆయుధ పూజ వంటను ముందుగా మెషిన్‌కు నైవేద్యం పెట్టాలి. గుండిగలు గుండిగలుగానే మెషిన్ ముందు దించుతారు. హారతి అయ్యేదాకా అందులోంచి ఒక చుక్క ఎవరి నాలుకా తాకకూడదు. మామూలు రోజుల్లా దేవుడి గిన్నె పక్కన పెట్టి తతిమ్మాది నాకి చూడడం కుదరదు. నాకా ముక్కు లేదు. దాని నాలుక ఆ రోజు పనికిరాదు.

“నీకు ముక్కుండాది గదా” అన్నాను. “ఆవిరి దానంతట అదే లేస్తాది, దానికి ఎంగిలి లేదు. రా, నేర్పిస్తా.”

రోజూ పొద్దున్నే రెండు చిన్న గిన్నెల్లో పప్పుచారు కాచేదాన్ని. ఒకదాంట్లో ఉప్పు వేసి, ఒకదాంట్లో వేయకుండా, పిల్లను కళ్లు మూసుకోమని చెప్పి ముఖం దగ్గర పెట్టేదాన్ని. మొదట్లో బొత్తిగా రాలేదు. “రెండూ సాంబారు వాసనే అత్తా” అనేది. నేను అరిచేదాన్ని, అది మూతి ముడిచేది. కనబడని రంగును చూపించే పంతులమ్మ పరిస్థితి నాది. నా ముక్కులో ఉండిన విద్యను మాటల్లో పెట్టి దాని ముక్కులోకి పంపాలి. పప్పు ఒకవైపు, పులుపు ఒకవైపు ఉంటాయని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అంతవరకూ నాకున్నదేమిటో నేనెప్పుడూ మాటల్లో చెప్పుకోలేదు. చెబుతుంటే, ఎంత గొప్పది ఉండేదిరా నా దగ్గర అనిపించేది.

ఒక పొద్దున కళ్లు మూసుకునే నవ్వింది. “ఇది ఉప్పు లేనిది. పులుపు తలుపు దగ్గరే నిలబడుకొని ఉండాది, లోపలికి రాలేదు.” రెండో గిన్నె పెట్టాను. “ఇదో, లోపలికి వచ్చి కూచుండింది.”

మళ్లీ మళ్లీ గిన్నెలు మార్చి చూశాను. తప్పలేదు. దాని తల మీద ఒక మొట్టికాయ వేశాను. అంతకన్నా ఎక్కువ పొగడడం నాకు చేతకాదు.

పండగనాడు తెల్లవారుతుండగానే పెద్ద గుండిగలు ఎక్కించాం. సాంబారు మరిగింది. నేను గుప్పెట్లతో ఉప్పు వేశాను. కోడలు చీర కొంగు నడుముకు దోపుకొని ఆవిరి మీదికి వంగింది. దాని నుదుటి మీద చెమట పట్టింది.

“ఇంకా కావాలత్తా.”

వేశాను.

“ఇంకొంచెం.”

నా చెయ్యి ఆగింది. ఆ కొంచెం ఎంతన్నది ఇన్నేళ్లూ నాది. దాన్ని ఇంకొకళ్ల మాట మీద వేయడం నాకు అలవాటు లేదు. ఎక్కువైతే వెనక్కి తీయలేం. పిల్ల ముఖంలోకి చూశాను. అది నన్ను చూడడం లేదు, కళ్లు మూసుకొని ఉంది. వేశాను.

“నిండింది” అంది.

‘కు’ లేదు. మళ్లీ అడగలేదు. మూత పెట్టేశాను.

వర్క్‌షాపులో లేత్ మెషిన్‌కు పసుపు రాసి బంతిదండ వేశారు. హారతి ఇచ్చారు, బూడిదగుమ్మడికాయ పగలగొట్టారు. ఆకులు వేశారు. నేను డ్రిల్లింగ్ మెషిన్ పక్కన నిలబడి ఫోర్‌మన్ చేతినే చూస్తున్నాను. కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. ఆ ముద్ద దిగేలోపల నా పెళ్లి మొదలుకొని అన్నీ గుర్తొచ్చాయి నాకు.

“అక్కా, సాంబారు ఇట్ల రానీ” అన్నాడు.

కోడలు బకెట్ పట్టుకొని పరిగెత్తింది. భోజనాలయ్యాక ఆయన చెయ్యి తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, “కడుపు నిండిందక్కా” అన్నాడు.

“ఆ మాట నాకు కాదు, దానికి చెప్పు” అన్నాను.

చెప్పాడు. పిల్ల సిగ్గుతో బకెట్‌లోకి చూస్తూ, “సాంబారు నిండుకుందన్నా” అంది. నిజమే, అడుగంటా ఊడ్చేశారు.

దీపావళి వానలు వెలిశాక ఒకరోజు కూరగాయలకని పెద్ద మార్కెట్టుకు పోతూ మురుగుకాలువ పక్కగా నడుస్తున్నాను. ముక్కులో ఏదో పొడిచినట్టయింది. ఆగాను. మళ్లీ వచ్చింది. కంపు! కుళ్లిన ఆకులూ బురదా చేపల నీళ్లూ కలిసిన అచ్చమైన కాలువ కంపు! అందరూ ముక్కు మూసుకొని పోయేచోట నేను నిలబడి గుండెల నిండా పీల్చాను. చేపలమ్మే ఒకామె అనుమానంగా చూసి, ఏమైందక్కా అని తమిళంలో అడిగింది. కంపు కొడుతోంది అన్నాను. అది ఎప్పుడూ కొట్టేదే కదా అంది. అక్కడ, ఆ కాలువ ముందు, నా చెయ్యి దానంతట అదే గుండె మీదికి పోయింది. ఆడపడుచు చూసుంటే మురిసిపోయేది. మాట ఏదీ రాలేదు, నవ్వు వచ్చింది.

మంచి వాసనలు తీరిగ్గా వచ్చాయి. మొదట కాఫీ కాలిన టైరులా ఉండేది. తర్వాత కాఫీలా అయింది. ఆవాలు వచ్చాయి, ఇంగువ వచ్చింది. ఒకనాడు పొయ్యి ముందు నిలబడి ఉండగా పప్పూ పులుపూ విడివిడిగా వచ్చి, ఉప్పు పడగానే కలిసిపోయాయి. మా ఆయనకు మాత్రం చెప్పాను. “బాగుండాది” అన్నాడు.

కోడలికి చెప్పలేదు. రోజూ పొద్దున “రామ్మే, చూడు” అని పిలిచేదాన్ని. అది కొంగు దోపుకొని వచ్చి ఆవిరి మీదికి వంగి, కళ్లు మూసుకొని, తీర్పు చెప్పేది. నాకు అప్పటికే తెలిసి ఉండేది. తెలియనట్టు దాని ముఖం వైపు చూస్తూ నిలబడేదాన్ని. అలా నిలబడడం నాకు బాగుండేది.

మొన్నొక పొద్దున, “ఈరోజు ఉప్పు కూడా నేనే వేసేస్తినత్తా” అంటూ పిలిచింది. వెళ్లాను. ఆవిరి మీదికి వంగి, కళ్లు మూసుకొని, “నిండింది” అంది.

నిండలేదు. పులుపు తలుపు దగ్గరే నిలబడి ఉంది. నేను ఆలోచించేలోపల నా చెయ్యి ఉప్పుజాడీలో ఉంది.

అది కళ్లు తెరిచింది. నా మణికట్టు పట్టుకుంది.

“ఎప్పటినుండి?”

దొరికిపోయాను. “కొన్నాళ్లయింది” అన్నాను.

“నాకు చెప్పలేదేం?”

ఎవరికైనా ఎదురు జవాబు చెప్పగలిగినదాన్ని, అప్పుడు ఉన్నదే చెప్పాను. “చెప్తే నువ్వింక ఈ పొయ్యి కాడికి రావు గదా మే.”

కళ్లనీళ్లు పెట్టుకుంది, ఆవిరికో ఏమో. తర్వాత, “మామకి తగిన జోడీనే మీరు” అంది. నా గుప్పెట్లో ఉప్పును తన గుప్పెట్లోకి తీసుకొని సాంబారులో వేసి కలిపింది. ఇద్దరం ఒకేసారి వంగాం, తలలు ఢీకొన్నాయి.

“ఎట్టుండాది?” అన్నాను.

“మీరు చెప్పండి.”

“నువ్వే చెప్పు.”

“నిండింది అత్తా” అంది.